కుడికి విప్పే మర

గుడియాత్తం బస్టాండు బయట, కొబ్బరిబోండాల బండికీ సెల్‌ఫోన్ కవర్ల బండికీ నడుమ మూడడుగుల చోటుంది. ఆ మూడడుగుల్లో ముప్ఫై ఏళ్ళుగా కూర్చుంటున్న మనిషి పూర్ణచంద్ర. గ్యాసు లైటర్లు, గొడుగులు, తాళాలు బాగుచేస్తాడు. తూర్పున ఆర్కాడు, పడమర పేర్నంబట్టు దాటి ఎరగడు. అలాంటివాడు అల్బేనియావాళ్ళ గురించి ఎదురింటివాళ్ళ గురించి చెప్పినట్టు చెబుతాడు.

"అల్బేనియావాళ్ళు సోకులోళ్ళప్పా. వాళ్ళ పిస్తోలు పిడి చూస్తే ఎలక తోక మాదిరి సన్నంగా ఉండాది. చేత్తో పట్టుకునేదానికి గాదు అది, నడుముకు దోపుకోని నలుగురికీ చూపించేదానికి. కాకసస్ కొండలోళ్ళు అట్ల గాదు. పిడి చివర కోడిగుడ్డంత గుండు పెడ్తారు, గుర్రమెక్కి పోతా లాగినా చెయ్యి జారకుండా. పనిమంతులు. మాట తక్కువ."

మాట తక్కువని పిస్తోలు చూస్తే ఎలా తెలిసిందని మాత్రం అడగకూడదు. అడిగినవాళ్ళ లైటరు ఆ రోజు బాగుపడదు.

ఈ విద్య అతనికి వేలూరులో అబ్బింది. అక్కడ వేలాయుధం అనే ఆయనకు పాత సామాన్ల అంగడి ఉంది. కోట చూడవచ్చినవాళ్ళు ఎండకు తాళలేక ఆ అంగడిలో దూరి, ఫ్యాను కింద నిలబడిన పాపానికి ఏదో ఒకటి కొనుక్కుని పోతారు. ఒకసారి ఆయన తాళంచెవి లేని పెట్టె తెరవడానికి పూర్ణచంద్రను పిలిపించాడు. పెట్టెలో చెకుముకి పిస్తోలు బయటపడింది. రాయి పోయి ఉక్కురేకుకు కొడితే నిప్పురవ్వ పడి మందు అంటుకునే పాతకాలపు పిస్తోలు. పూర్ణచంద్ర దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మన లైటరుకు ముత్తాత గదా సామీ" అన్నాడు. రాయి, స్ప్రింగు, నిప్పు. అంతకన్నా ఏముంది?

అదే రోజుల్లో పెద్దాసుపత్రికి మోకాళ్ళ వైద్యానికి వచ్చిన బెంగాలీ పెద్దాయన ఒకాయన, డాక్టరు పిలుపు కోసం లాడ్జిలో నాలుగు నెలలు పడి ఉండి, పొద్దుపోక ఆ అంగడిలో చేరాడు. కలకత్తాలో మ్యూజియంలో ఆయుధాలు సర్దే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆయనకు తెలుగూ తమిళమూ రావు, పూర్ణచంద్రకు బెంగాలీ రాదు. బొమ్మల పుస్తకం ఒకటి నడుమ పెట్టుకుని ఇద్దరూ సైగలతో ప్రపంచమంతా తిరిగారు. పగడాలు పొదిగితే అల్జీరియా. తాళం మీద, అంటే నిప్పు కొట్టే యంత్రం పలక మీద, సింహం నిలబడి కిరీటం పట్టుకుంటే ఈస్టిండియా కుంపిణీవాళ్ళది. నగిషీలు ఎవడైనా చూసి గీస్తాడు, అందుకని చివరన మర చూడు, మరకు ఎవడూ అలంకారం చెయ్యడు, అది అబద్ధం చెప్పదు. ఇదీ పాఠం. పెద్దాయన మోకాళ్ళు బాగయ్యాయో లేదో తెలియదుగానీ పూర్ణచంద్ర పండితుడయ్యాడు.

ఆ తర్వాత అతని మాట ఒక్కసారీ తప్పు పోలేదు. తప్పు చెప్పమన్నా చెప్పలేదు. ఒకసారి వేలాయుధం ఒక పగడాల పిస్తోలు చూపించి, "ఆర్కాటు నవాబుదని ఒక్క మాట చెప్పు నాయనా, కొనేవాడు వాకిట్లో ఉండాడు" అని బతిమాలాడు. పూర్ణచంద్ర సంచీ భుజాన వేసుకుని బస్సెక్కాడు. వారం రోజులు ఆ అంగడి గడప తొక్కలేదు. మనిషి మూడడుగుల్లో కూర్చుంటాడుగానీ పట్టుదల మాత్రం ఆరడుగులు.

ఇంట్లో ఈ పాండిత్యానికి విలువ సున్నా. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా? భార్య శశికళ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. "అల్బేనియా సంగతి మళ్ళీ చూద్దాం, ఈ మూత తీసిపెట్టు" అనేది కొత్తల్లో. ఆ ఇంట్లో మూతల కథ వేరే ఉంది. పూర్ణచంద్ర తాత మునుస్వామి తాళాలు, డబ్బాలు చేసేవాడు. ఎడమచేతి వాటం మనిషి. లోకమంతా మరను ఎడమకు తిప్పి విప్పితే, ఆయన కోసిన మరను కుడికి తిప్పి విప్పాలి. చేతివాటమో, ఒకసారి కొన్నవాడు మరమ్మతుకు మళ్ళీ తన దగ్గరికే రావాలన్న పన్నాగమో, ఆ రహస్యం ఆయనతోనే పోయింది. బియ్యం డబ్బా, నూనె డబ్బా, అలమర గొళ్ళెం అన్నీ ఆయన చేసినవే. అన్నిటి లోపలా ఆయన గుర్తు, గోరంత మామిడిపిందె చెక్కి ఉంటుంది.

కాపురానికి వచ్చిన కొత్తలో శశికళ బియ్యం డబ్బాతో మూడు రోజులు కుస్తీ పట్టింది. విప్పుతున్నాననుకుని బిగించింది. చెల్లెల్ని చూడవచ్చిన అన్న సుబ్రమణ్యం నేను తీస్తానని తువ్వాలు చుట్టి, పళ్ళు బిగించి తిప్పి, వెల్లకిలా పడ్డాడు. "ఈ ఇంట్లో మనుషులే గాదు, మూతలు గూడా తిక్కవే" అని నడుం పట్టుకుని వెళ్ళిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు శశికళ చెయ్యి తనంతట తనే కుడికి తిరుగుతుంది. ఇతరుల ఇళ్ళలో సాయం చెయ్యబోయి ఎన్ని మూతలు బిగించేసిందో లెక్కలేదు. ఆమెను చూస్తే వీధిలో ఆడవాళ్ళు పచ్చడి జాడీలు దాచేస్తారు.

ఈ సుబ్రమణ్యానికి లుంగీల వ్యాపారం. చెల్లెలి మొగుడు బస్టాండులో లైటర్లు బాగుచేస్తాడన్నది ఆయన గుండెలో ముల్లు. పుట్టింట్లో ఏ శుభకార్యం జరిగినా శశికళకు ఆఖరి వరసలో, చేతులు కడుక్కునే కుళాయిల పక్కన కుర్చీ. లేచి వచ్చేవాళ్ళ ఎంగిలిచేతి నీళ్ళు చీరమీద పడేవి. ఆమె తుడుచుకునేది, ఏమీ అనేది కాదు. ఇంటికి వచ్చి బియ్యం డబ్బా మూత కిర్రుమనేలా బిగించేది. ఆ చప్పుడు పూర్ణచంద్రకు అర్థమయ్యేది.

ఈ ఏడు సుబ్రమణ్యం వంశ సమ్మేళనం తలపెట్టాడు. వాళ్ళింట్లో ఒక పిస్తోలు ఉంది. విజయనగరం రాయలు వాళ్ళ మూలపురుషుడి పరాక్రమానికి మెచ్చి ఇచ్చాడని చెప్పుకుంటారు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న బాపతు. ప్రతి ఆయుధపూజకూ దానికి గంధం, కుంకుమ పెడతారు. కడగరు, ఎందుకంటే పరాక్రమం కొట్టుకుపోతుందట. కల్యాణమండపం ముందు ఇరవై అడుగుల ఫ్లెక్సీ వెలిసింది. అందులో సుబ్రమణ్యం ఇనుప కవచం తొడుక్కుని, కళ్ళజోడు మాత్రం తియ్యకుండా, పిస్తోలు పట్టుకుని ఉన్నాడు.

ఆయన మొదటిసారి చెల్లెలింట్లో కుర్చీలో నిమ్మళంగా కూర్చుని కాఫీ తాగాడు. "బావా, పిస్తోళ్ళ సంగతి నీకు తెలుసని వేలూరులో గూడా చెప్పుకుంటా ఉండారు. స్టేజీ ఎక్కి, ఇది విజయనగరం పిస్తోలని ఒక్క మాట చెప్పు. నీకు పొన్నాడ శాలువా కప్పుతాం. శశికి ముందు వరసలో కుర్చీ. దీపం వెలిగించేది గూడా అదే."

శశికళ గుమ్మంలో నిలబడి విన్నది. మర్నాడే కొత్త జాకెట్టు కుట్టడానికి ఇచ్చి వచ్చింది.

పూర్ణచంద్ర పిస్తోలును లుంగీలో చుట్టి, భోజనం సంచీలో పెట్టుకుని వేలూరు బస్సెక్కాడు. అంగడిలో బల్లమీద పెట్టి భూతద్దం తీశాడు. వేలాయుధం ఆ ఎర్రటి పెచ్చులు చూసి, "నాలుగు వందల ఏండ్ల తుప్పు" అని దండం పెట్టాడు.

పూర్ణచంద్ర వాసన చూశాడు. "తుప్పు గాదు సామీ. కుంకుమ."

అసలు చిక్కు అది కాదు. ఎంత చూసినా పిస్తోలు ఏ ఊరిదో అంతు చిక్కలేదు. పిడి చివర కాకసస్ గుండు. గొట్టం మీద అల్బేనియా తీగలు. తాళం మీద కుంపిణీ సింహం, అదీ చూడబోతే కుక్కలా ఉంది. "మూడు దేశాలోళ్ళు కలిసి సంతకు పోయినట్టుండాదే!" అని తల పట్టుకున్నాడు. పండితుడయ్యాక మొదటిసారి తనకు తెలియదేమోనని భయమేసింది.

చివరికి సన్నటి సూది తీసుకుని, గుర్రం పక్కన పేరుకున్న పెచ్చు చెక్కాడు. గుర్రమంటే రాయిని పళ్ళ మధ్య కరుచుకునే మీట. పెచ్చు లోపల పొరలున్నాయి. తెల్లటి గంధం పొర, దానిమీద ఎర్రటి కుంకుమ పొర, మళ్ళీ గంధం, మళ్ళీ కుంకుమ. ఏడాదికి ఒక జత. భూతద్దం కింద ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. వేలాయుధం రెండుసార్లు టీ తెప్పించాడు. జతలు డెబ్భై ఒకటి తేలాయి.

"రాయలు పోయి డెబ్భై ఏండ్లేనా అయింది?" అన్నాడు వేలాయుధం.

మిగిలింది మర. వేలాయుధం స్క్రూడ్రైవరు పెట్టి ఎడమకు తిప్పాడు, కదల్లేదు. నూనె వేసి తిప్పాడు, చెయ్యి జారి టీగ్లాసు పడింది. "నువ్వు చూడప్పా" అని ఇచ్చాడు. పూర్ణచంద్ర పెచ్చు లెక్కే ఆలోచిస్తూ, ఇంట్లో నూనె డబ్బా తీసినంత అలవాటుగా కుడికి తిప్పాడు. మర వెన్నలా వచ్చేసింది.

అతను మరను వెలుతురుకు పట్టి చూశాడు. ఆ తర్వాత తాళం పలక ఊడదీశాడు. లోపల గోరంత మామిడిపిందె.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కాకసస్ కొండలు ఎక్కి దిగి, సముద్రాలు దాటి, పూర్ణచంద్ర చివరికి తన ఇంటి వంటగదిలోకి వచ్చి పడ్డాడు. వేలాయుధం పొట్ట పట్టుకుని నవ్వాడు. పూర్ణచంద్రకు నవ్వు రాలేదు. తాత చెయ్యి కనబడినందుకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి, ముందు వరస కుర్చీ గుర్తొచ్చి అవి ఆగిపోయాయి.

ఇంటికి వచ్చి అంతా చెప్పాడు. శశికళ కొత్త జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. సూది ఆపింది.

"విజయనగరమని చెప్పేసేయ్. నీ నోటి ముత్యాలేం రాలిపోవు."

"ఆ మాట నాకు రాదుమ్మే. నవాబుకే చెప్పలేదు గదా."

"నవాబు పెండ్లాం కుళాయి పక్కన కూచున్నిందా?" అంది ఆమె. "ఇరవై ఎనిమిది ఏండ్లయ్యా. నాకు కావాల్సింది ఒక్క దినం."

ఆమె తన దగ్గర అడిగింది ఇంతవరకు ఏమీ లేదని పూర్ణచంద్రకు అప్పుడు తట్టింది. తన పట్టుదల మీద తనకే సిగ్గేసింది. "సరే, చెప్తా" అన్నాడు. ఆమె మళ్ళీ హుక్కు కుట్టుకుంది.

ఆదివారం పొద్దున మండపం నిండిపోయింది. శశికళ కొత్త జాకెట్టు వేసుకుని ముందు వరసలో, వీపు కుర్చీకి ఆనించకుండా కూర్చుంది. ఆమె పక్కన సుబ్రమణ్యానికి మేనత్త వరదమ్మ. ఎనభై ఎనిమిదేళ్ళు, నోట్లో పళ్ళు రెండు, చెవి ఒకటే పనిచేస్తుంది. రిటైరైన తహసీల్దారు ఒకాయన ఆర్కాడు నుంచి భార్యతో అతిథిగా వచ్చాడు. పిస్తోలును పూలపళ్ళెంలో పెట్టారు. దీపంలో నూనె పోసి, వత్తి మీద కర్పూరం పొడి చల్లారు. అప్పుడు అగ్గిపెట్టె కోసం వెతికారు.

అగ్గిపెట్టె లేదు.

దేశానికి అగ్గిపెట్టెలు పంపే ఊళ్ళో, ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసే వంద మంది ఉన్న మండపంలో, ఒక్క అగ్గిపుల్ల లేదు. పట్టు గుడ్డలతో కట్టిన అలంకారం ఎక్కడ అంటుకుంటుందోనని సుబ్రమణ్యమే వాకిట్లో అందరి బీడీలు, అగ్గిపెట్టెలు లాగించి సంచీలో వేయించాడు. సంచీ పట్టుకున్నవాడు అతిథికి కూల్‌డ్రింకు తేవడానికి పోయాడు. భోజనాలు బయటినుంచి వ్యానులో వచ్చాయి కాబట్టి పొయ్యి కూడా లేదు. ఎవరో పొయ్యి వెలిగించే గ్యాసు లైటరు తెచ్చి వత్తి దగ్గర టిక్కు టిక్కుమనిపించారు. వత్తి దానివంక కూడా చూడలేదు.

పొద్దు గడపడానికి సుబ్రమణ్యం మైకు పూర్ణచంద్ర చేతికిచ్చాడు. "మా బావ, పెద్ద నిపుణుడు, ఈ పిస్తోలు పుట్టిన చోటు చెప్తాడు."

పూర్ణచంద్ర గొంతు సవరించుకున్నాడు. "ఈ పిస్తోలు పుట్టింది... వి..." అన్నాడు. "వి..." అని మళ్ళీ మొదలుపెట్టి దగ్గాడు. పక్కనుంచి సుబ్రమణ్యం, "విజయనగరం, విజయనగరం" అని అందించాడు. "వి..." మైకు కుయ్యిమంది. లైటర్లు విప్పే ఆ చేతులు మైకును మర తిప్పినట్టు అటూ ఇటూ తిప్పుతున్నాయి.

శశికళ వాటినే చూస్తోంది. నా కుర్చీ కోసం ఈ మనిషికి ఈ అవస్థ అనుకుంది. ఆమెకు ఒక్కసారిగా అన్న మీద కోపం, మొగుడి మీద జాలి, కొత్త జాకెట్టు మీద విసుగు అన్నీ కలిసి వచ్చాయి. లేచి నిలబడింది.

"చాలించన్నా. ఆయప్పను ఊపిరాడనీ. అది విజయనగరంది గాదు, మా ఇంటిది. మా మామగారి నాయన చేసినాడు. గుడియాత్తం పిస్తోలది."

మండపమంతా కలకలం రేగింది. సుబ్రమణ్యం కళ్ళజోడు జారింది. "ఏం మాటలివి? సాక్ష్యం యాడుండాది?"

"ఆ మర విప్పి చూపించు."

"తరతరాలుగా మా నాయన, నేను, పట్టెడ కమ్మరోళ్ళు, ఎవురూ విప్పలేదు! అది రాయలకాలం మర!"

శశికళ స్టేజీ ఎక్కింది. మొగుడి జేబులోంచి స్క్రూడ్రైవరు తీసుకుంది. ఒక్కసారి కుడికి తిప్పింది, అంతే. మర ఊడి చేతిలోకి వచ్చింది. బియ్యం డబ్బా దగ్గర వెల్లకిలా పడిన నడుం సుబ్రమణ్యానికి ఇప్పుడు మళ్ళీ నొప్పి పెట్టింది. ఆమె పలక తీసి తహసీల్దారు ముందు పెట్టింది. ఆయన మామిడిపిందెను చూసి, ఏమనాలో తెలియక, "బాగుంది" అన్నాడు.

"ఏమంటాది శశి?" అని వరదమ్మ పక్కవాళ్ళను అడిగింది. వాళ్ళు ఆమె పనిచేసే చెవిలో అరిచి చెప్పారు. ముసలమ్మ రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వింది. మైకు అక్కర్లేని గొంతు.

"అవును గదరా! మునుస్వామి చేసిచ్చినాడు. మా నాయన చెంగల్రాయుడు వీధినాటకంలో తెల్లదొర వేషం కట్టినాడు. దానికి! క్యాలెండరు బొమ్మలు చూసి చేసినాడు పాపం. ఆటకు ముందు మావాళ్ళు దానికి పూజ చేసి, సందుసందునా గంధం, కుంకుమ దట్టించినారు. ఇంగ నిప్పెట్ల పడతాది? మా నాయన టప్ టప్ అని మూడు తూర్లు నొక్కినాడు. పేలలా. ఎదర చావాల్సిన వేషగాడు చిన్నమణి చూసి చూసి, తనంతట తనే పడి చచ్చిపోయినాడు."

జనం నవ్వలేక నవ్వారు. "మరి రాయలు?" అన్నాడు సుబ్రమణ్యం నీరసంగా.

"అది మీ నాయన పెండ్లిచూపులప్పుడు పిల్ల తరపోళ్ళకు చెప్పిన అబద్ధం రా. పిల్ల కుదిరె. అబద్ధం నిలిచిపోయె."

"అత్తా! ఇన్నేండ్లూ చెప్పలేదే!"

"నువ్వు అడిగినావా నాయనా?"

ఈ గోలలో పూర్ణచంద్ర ఎవరి మాటా వినలేదు. స్టేజీ మీదే చతికిలబడి సూదితో పెచ్చులన్నీ గీకేశాడు. డెబ్భై ఒక్క ఆయుధపూజలు పంచెలో రాలాయి. స్ప్రింగుకు నూనె చుక్క వేసి, జేబులోని రేకు డబ్బాలోంచి చెకుముకిరాయి తీసి గుర్రం నోట్లో బిగించి, పలకా మరా యథాస్థానంలో పెట్టాడు. వెళ్ళి వత్తి దగ్గర పిస్తోలు పెట్టి నొక్కాడు. ఏమీ లేదు. మళ్ళీ నొక్కాడు. ఒక రవ్వ పడి ఆరిపోయింది.

"మూడోతూరి! నాటకంలోనూ మూడు తూర్లు నొక్కినాడు!" అని అరిచింది వరదమ్మ.

మూడోసారి రవ్వలు జలజలా రాలాయి. కర్పూరం భగ్గుమంది. వత్తి అంటుకుంది. నాటకంలో చిన్నమణిలాగే ముందు వరసలో ఒక ముసలాయన చచ్చినట్టు వాలిపోయాడు, జనం చప్పట్లు కొట్టారు. మునుస్వామి చేసిన పిస్తోలు డెబ్భై ఒక్క ఏళ్ళ ఆలస్యంగా పనిచేసింది. పూర్ణచంద్ర మైకు వెతుక్కుని, ఈసారి తడబడకుండా చెప్పాడు. "పుట్టింది గుడియాత్తం. చేసినాయన మా తాత."

శశికళ స్టేజీ దిగింది. తన కుర్చీలో తహసీల్దారు భార్య సంచీ పెట్టుకుని ఉంది. ఎలాగూ పోయిందే కదా అనుకుని, అలవాటైన దారిన కుళాయిల వైపు నడిచింది.

సుబ్రమణ్యం చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు, గొప్పవాడు కావాలని తొందరపడినవాడు, అంతే. స్టేజీ మీద తనకోసం వేయించుకున్న ఎర్రమఖమల్ కుర్చీని రెండు చేతులా ఎత్తి, రొప్పుతూ మెట్లు దిగి, ముందు వరస నడిమధ్యన దించాడు.

"శశీ, ఇట్ల రామ్మా. ఇక్కడ కూచో."

ఆమె వెనక్కి వచ్చి, ఈసారి వీపు ఆనించి కూర్చుంది. సుబ్రమణ్యం వెళ్ళి కుళాయిల పక్కన కూర్చున్నాడు. భోజనాలయ్యేసరికి ఆయన పట్టు చొక్కా భుజం దాకా తడిసింది. తుడుచుకున్నాడు, ఏమీ అనలేదు.

ఇప్పుడు కూడా బస్టాండు బయట పూర్ణచంద్ర దగ్గర ఎవరైనా నిలబడితే అల్బేనియా సోకులూ కాకసస్ మౌనమూ వినిపిస్తాడు. "మరి గుడియాత్తంవాళ్ళు ఎట్లాంటోళ్ళు?" అని అడిగితే మాత్రం లైటరులోంచి తల ఎత్తకుండా, "పోయి మా యింట్లో బియ్యం డబ్బా తెరిచి చూడు" అంటాడు.